డీజిల్ ఇంజిన్ల కోసం విశాఖకి

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధివాళ్ళు వరసపెట్టి అడిగారు. కైలాసగిరి ఎక్కావా? సబ్‌మెరైన్ చూశావా? అప్పన్న దర్శనం బాగా జరిగిందా? ఏదీ జరగలేదు. నేను చూసినవి లేత్ మిషన్లు, గ్రీజు డబ్బాలు, చేపల పాటలు. "అదేం యాత్రే తల్లీ!" అని మూతి విరిచినవాళ్ళు కొందరున్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసమే రాస్తున్నాను.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మాకు రాజహంస అని ఒక పాత పడవ ఉంది. ఫైబర్ ఒళ్ళు, లోపల రెండు పడక బల్లలున్న చిన్న గది, టీ కాచుకునే మూల, వెనక చెక్కల కింద రెండు పెట్రోలు ఇంజిన్లు. ఎవరో షోకుకి తెప్పించుకుని, మోజు తీరాక అమ్ముకుంటే మేం కొన్నాం. కాకినాడ ఉప్పుటేరులో జనాన్ని ఎక్కించుకుని మడ అడవుల దాకా తిప్పి తీసుకొస్తాం. ఇంజిన్లు మా ఆయన చూసుకుంటారు, చక్రం నేను పడతాను. నలభై దాటాక నేర్చుకున్న విద్య. అందుకే దాని మీద మమకారం కాస్త ఎక్కువ.

పెట్రోలుతో చిక్కేమిటంటే, దాని ఆవిరి పైకి పోదు. పడవ అడుగున చేరి పిల్లిలా కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. అందుకని ఇంజిన్ తిప్పే ముందు మూత ఎత్తి, గాలి ఆడనిచ్చి, ముక్కు పెట్టి వాసన చూడాలి. మా ఆయన రోజూ సంధ్యావందనంలా చూసేవారు. పోయిన వేసవిలో ఒక పొద్దున ఆయనకి జలుబు. చూశారు, వాసన తెలియలేదు. భగ్గుమంది. జనం ఇంకా ఎక్కలేదు కాబట్టి సరిపోయింది. ఆయన కనుబొమలు మాత్రం పోయాయి.

కనుబొమలు మళ్ళీ మొలిచాయి కానీ ఆయన ధైర్యం మొలవలేదు. పాత పడవలు కోసి ముక్కలు అమ్ముకునే వ్యాపారికి కబురు పెట్టారు. నేను ససేమిరా అన్నాను. పెట్రోలు ఇంజిన్లు తీసి డీజిల్‌వి పెడదాం, డీజిల్ అలా ఆవిరై భగ్గుమనదు అన్నాను. "ముసలి గుర్రానికి కొత్త కాళ్ళా?" అన్నారు. నేను ఊరుకునే రకం కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. శివరాత్రి లోపు రాజహంస విశాఖలో కొత్త ఇంజిన్లు పెట్టించుకుని, తనంతట తాను సముద్రం మీద ఇంటికి రావాలి. వస్తే మాది. రాకపోతే కోసేవాడిది.

తుని దాటాక

పడవని పెద్ద లారీ మీద కట్టి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. కాగితాల సంగతి, క్రేను సంగతి రాయను. రాస్తే మీరు చదవడం మానేస్తారు.

హైవే మీద పడవ వెళ్తుంటే పెళ్ళి ఊరేగింపు చూసినట్టు చూస్తారు. తుని దగ్గర టీకి ఆగితే చుట్టూ గుంపు. కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన దాని చుట్టూ తిరిగి, "ఇదేటమ్మా, ఇల్లా పడవా?" అన్నాడు.

"రెండూనండి."

"మరి నీళ్ళు నేని సోట తిప్పుతున్నావేటి?"

నన్ను మాటలో గెలిచినవాళ్ళు అరుదు కాబట్టి ఆయన టీ డబ్బులు నేనే ఇచ్చాను. అనకాపల్లిలో బెల్లం కొన్నాను. మా గోదావరి బెల్లం కంటే బాగుందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, లారీ గాజువాక చేరేలోపు సగం గడ్డ అయిపోయింది.

గాజువాక

గాజువాకలో షేర్ ఆటో అంటే మనుషుల్ని ఊరగాయలా కూరడం. మా కాకినాడలో పక్కవాళ్ళ మోచేయి తగిలితే "కాస్త జరగండి" అంటారు. ఇక్కడ మోచేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఎక్కడ దిగుతావమ్మా, ఏ పని మీదొచ్చినావు, పిల్లలెంతమంది" అని మొత్తం కనుక్కుంటారు. దిగేసరికి నా పడవ కథ ఆటోలో అందరికీ తెలుసు.

బాగుచేసిన లారీ ఇంజిన్లని సముద్రానికి పనికొచ్చేలా మార్చి అమ్మే షెడ్డు అక్కడుంది. కవల పిల్లల్లా ఒక్క పోలికతో ఉన్న రెండు ఇంజిన్లు ఎంచుకున్నాను. బేరం ఆడుతుంటే షెడ్డు యజమాని తల పట్టుకున్నాడు. భీమవరం నుంచి వాళ్ళ నాన్న ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. "మన గోదావరివారే కదా, కొంచెం చూసుకోండి" అన్నాను. "మీ గోదావరివారితోనేనండీ భయం" అన్నాడు.

నేను దిగింది కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఒక మేడ గది. రైలు వెళ్ళినప్పుడల్లా గిన్నెలు వాటంతటవే మోగేవి. కింది వాటాలో ఇంటావిడ పులుసు పంపేది. అందులో ఆవ, బెల్లం. మొదటి రోజు, పులుసులో బెల్లమేమిటని తగువేసుకున్నాను. వెళ్ళేనాటికి గిన్నె పట్టుకుని నేనే కిందికి దిగేదాన్ని.

వన్‌టౌన్

నీళ్ళలో తిరుగుతూ పడవని తోసే ఇత్తడి రెక్కల చక్రాన్ని విశాఖలో ఫ్యాను అంటారు. నేనూ అలాగే రాస్తాను. ఫ్యాన్లూ, అవి తిరిగే ఇరుసులూ చేసే ఖాదర్ సాహెబు దుకాణం వన్‌టౌన్ సందులో ఉంది. తెల్లటి గడ్డం, చెవిలో అత్తరు దూది, చేతులకి ఎప్పుడూ నల్లటి నూనె. డీజిల్ ఇంజిన్ తిప్పే బలం ఎక్కువ కాబట్టి పాత ఇరుసులు వద్దని, లేత్ మీద లావువి తిప్పించమన్నాడు. అందుకు ఒప్పుకున్నాను.

"ఫ్యాన్లు కూడా తీసుకురామ్మా, ఒకసారి చూస్తాను."

"వాటికేం సాహెబుగారూ, బంగారంలా ఉన్నాయి. నేనే చింతపండు పెట్టి తోమాను."

"తోమితే మెరుస్తాయి. పని చేస్తాయో లేదో చూడొద్దా?"

"మళ్ళీ కొత్తవి అమ్ముదామనా?"

ఆయన నవ్వి, "అచ్ఛా. నీ పడవ, నీ ఇష్టం. చాయ్ తాగు" అన్నాడు. ఇరానీ చాయ్ బాగుంది. నా మాట నెగ్గింది కాబట్టి ఇంకా బాగుంది. ఇరుసుల కొనలు మాత్రం పాత ఫ్యాన్లకి పట్టేలా తిప్పించుకున్నాను.

ఫిషింగ్ హార్బర్

తెల్లవారక ముందే హార్బర్ మేలుకుంటుంది. బోట్లు వచ్చి ఆనుకుంటాయి, ఐసు గడ్డలు జారుతాయి, చేపల కుప్పల చుట్టూ ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి పాట పాడుతుంటారు. పాట అంటే వేలం. మనం కనురెప్ప కొట్టేలోపు కుప్ప అమ్ముడైపోతుంది. మొదటి రోజు నేను ముఖం మీద ఈగని తోలుకుంటే, చెయ్యెత్తాననుకుని ఒక కుప్ప కవ్వళ్ళ చేపలు నా పేరు మీద కొట్టేశారు. నేను వాదనకి దిగాను. అవతల పాటగాడు నాకంటే గట్టి గొంతువాడు. అప్పుడు అడ్డొచ్చి ఆ కుప్ప తను తీసుకున్న మనిషి పోలమ్మ. చేపలమ్ముతుంది. నా వయసే ఉంటుంది, నోరు కూడా నా అంతే. స్నేహం కుదరడానికి ఇంకేం కావాలి?

లారీ మీంచి దింపిన రాజహంస ఈ హార్బర్ గట్టు మీదే ఉంది. దానికి ఇంజిన్లు ఎక్కించే పని నూకరాజుది. ఆ హార్బర్‌లో అతని చెయ్యి పడని బోటు లేదంటారు. పెట్రోలు ఇంజిన్లు తీసి గట్టున పడేశాక, వాటి స్థానంలో కొత్తవాటిని చూసి, "గేదె మోసే బండి మీద ఏనుగుని ఎక్కించమంటన్నావు" అన్నాడు. ఇంజిన్లు కూర్చునే దిమ్మెలకి ఇనప పట్టీలు వేశాడు. పెట్రోలు ట్యాంకు పీకేసి కొత్తది పెట్టాడు. వెనక బరువెక్కి పడవ కుక్కలా కూర్చుంటుందని బ్యాటరీలూ మంచినీళ్ళ డ్రమ్మూ ముందుకు జరిపాడు. ప్రతిదానికీ నేను ఎందుకని అడిగాను. "మా ఇంటిది కూడా ఇన్ని అడగదమ్మా" అని విసుక్కుంటూనే, ప్రతిదానికీ జవాబు చెప్పాడు.

గట్టు మీదే ఇంజిన్లు తిప్పి చూశాం. రెండూ గుండ్రంగా, ముచ్చటగా తిరిగాయి. శివరాత్రి దగ్గర్లోనే ఉంది. పడవని నీళ్ళలోకి దింపాం.

అప్రదక్షిణం

నేను ఎక్కబోతే నూకరాజు తాడు పట్టుకుని నిలబడిపోయాడు. "అమ్మా, ఏటనుకోకు. కొత్తగా నీళ్ళలో దిగినప్పుడు ఆడోళ్ళని ఎక్కించం."

"ఎందుకని?"

"గంగమ్మకి గిట్టదు."

"గంగమ్మ మగాడా?"

జెట్టీ మీద వల అల్లుకుంటున్నవాళ్ళు నవ్వారు. నేను ఎక్కి చక్రం పట్టుకున్నాను. మా ఉప్పుటేరులో ఇలాంటి పట్టింపు ఉందేమో నాకు తెలియదు, ఉన్నా నాతో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఇంజిన్లు రెండూ అందుకున్నాయి. చక్రం పక్కన రెండు పిడులుంటాయి, ఇంజిన్‌కొకటి. ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి లాగితే వెనక్కి. రెండూ ముందుకు తోశాను.

రాజహంస ముందుకు వెళ్ళలేదు. నిలబడ్డ చోటే ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. చక్రం కుడికి ఎంత తిప్పినా ఎడమకే. ఏ గుడి చుట్టూ ఎవరూ చెయ్యని అప్రదక్షిణం, హార్బర్ నడిబొడ్డున, అందరి ముందూ. పక్క బోటుకి రాసుకుని రెండు ఐసు బుట్టలు నీళ్ళలో పడ్డాయి.

"ఆడమనిసిని ఎక్కించినారు కదా! గంగమ్మ తిప్పీసినాది!" అని జెట్టీ మీంచి ఎవరో అరిచారు.

తాడేసి లాగి కట్టారు. నూకరాజు చెమట తుడుచుకుని, "గేర్‌బాక్సులో తేడా ఉన్నాదమ్మా. రెండు ఇంజిన్లూ పైకి తీసి ఇప్పీయాల" అన్నాడు.

"శివరాత్రి లోపు అవుతుందా?"

అతను వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. కోసే వ్యాపారి ముఖం నా కళ్ళ ముందు కనిపించింది. రాజహంస గదిని రంపంతో రెండు చెక్కలు చెయ్యడం కూడా కనిపించింది.

పోలమ్మ బుట్ట దించి దగ్గరికొచ్చింది. నన్ను అప్పా అనేది, అంటే అక్కా అని. "పోనీ ఓపాలి దిగరాదేటి, అప్పా? ఆళ్ళు తిప్పి సూసుకుంతారు."

"నువ్వు కూడా అంటున్నావా?"

"నాననడం నేదు. ఆళ్ళంతన్నారు. నానైతే సచ్చినా దిగను."

అప్పుడు తట్టింది, దిగడమే మంచిదని. "సరే, దిగుతాను" అన్నాను అందరికీ వినబడేలా. "నేను లేకుండా ఇది తిన్నగా వెళ్తే, పడవ మీకే వదిలేసి బస్సెక్కి ఇంటికి పోతాను."

దిగాను. నూకరాజు చక్రం పట్టాడు. పిడులు ముందుకి తోశాడు. రాజహంస మళ్ళీ అక్కడే గింగిరాలు. నేను జెట్టీ మీద నిలబడి చప్పట్లు కొట్టాను. కొట్టాక గుర్తొచ్చింది, తిరుగుతున్నది నా పడవేనని.

చప్పట్లు ఆపి చూశాను. పడవ మీద ఉన్నంతసేపూ కనబడనిది గట్టు మీంచి కనబడింది. వెనక కుడివైపు నురగ వెనక్కి పోతోంది, సరిగ్గానే. ఎడమవైపు నురగ పడవ పక్కగా ముందుకొస్తోంది. ఒక ఫ్యాను ముందుకు తోస్తుంటే, రెండోది వెనక్కి లాగుతోంది.

ఇంటి పెరట్లో ఆ ఫ్యాన్లని తోమిన రోజు గుర్తొచ్చింది. ఎండలో పక్కపక్కన పెడితే, దణ్ణం పెట్టే రెండు అరచేతుల్లా ఒకదానికొకటి ఎదురు పోలికతో ఉన్నాయి. ఒకదాని రెక్కలు ఇటు వాలితే, రెండోదానివి అటు. ఎంత చక్కగా ఉన్నాయో అనుకున్నాను. ఎందుకలా ఉన్నాయని మాత్రం అడగలేదు. ప్రపంచంలో అన్నింటికీ ఎందుకని అడిగే దాన్ని, ఆ ఒక్కదానికీ అడగలేదు.

"నూకరాజూ! ఎడమది వెనక్కి లాగు!"

"ఏటీ?"

"రివర్సు! ఎడమది ఒక్కటే రివర్సు!"

"ఎనక్కి ఎల్లిపోద్దమ్మా!"

"పోతే పోనీ, లాగు ముందు!"

లాగాడు. ఒక పిడి ముందుకి, ఒకటి వెనక్కి. రాజహంస గింగిరాలు ఆపింది. ఒకసారి ఊగి, తాడుతో గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. హార్బర్ అంతా ఈలలు. ఇందాక గంగమ్మ పేరెత్తిన గొంతు ఎవరిదా అని పోలమ్మ జెట్టీ అంతా వెతికింది. "ఏడీ ఆడు? ఎల్లిపోనాడా? ఇప్పుడు సెప్పమను!"

నూకరాజు దిగొచ్చి, గట్టు మీద లాగి ఉంచిన బోట్ల వైపు చెయ్యి చూపించాడు. ప్రతి బోటుకీ ఒకే ఒక్క ఫ్యాను. అన్నింటి రెక్కలూ ఒకే వాలు. "మా బోట్లకి ఒక్కటే ఇంజినమ్మా. రెండోది ఎటు తిరగాల అని అడిగే పని నా సర్వీసులో పళ్ళేదు. నీ పాత ఇంజిన్లు రెండూ ఎదురెదురుగా తిరిగినట్టున్నాయి. ఈ కొత్తవి రెండూ ఒకే పక్కకి."

"అంటే నువ్వొకటి మర్చిపోయావు, నేనొకటి."

"నువ్వు మర్చిపోనేదమ్మా, తోమీసినావు" అన్నాడు. హార్బర్‌లో నన్ను నవ్వించిన మొదటి మాట అదే.

అలాగే రివర్సులో ఇంటికి పోతానన్నాను. ఆ గేరు రేవులో అటూ ఇటూ జరగడానికే గానీ, పగలంతా లాగితే మాడిపోతుందన్నాడు. ఎడమవైపు ఫ్యాను మార్చాలి. మళ్ళీ వన్‌టౌన్ వెళ్ళాను. ఖాదర్ సాహెబు నా ముఖం చూసి చాయ్ చెప్పాడు.

"చూస్తానన్నాను కదమ్మా."

"అన్నారు. కానీ గట్టిగా అనలేదు."

"నీతో గట్టిగా అనాలంటే మసీదు మైకు తెచ్చుకోవాలి" అంటూ లేచి, దుకాణం వెనకున్న గుట్టలోంచి వెతికి ఒక ఫ్యాను లాగాడు. హార్బర్ అంతా వాడే వాలే, కొదవేముంది? నా కుడి ఫ్యానుకి సరిజోడు అయ్యేలా రెక్కలు సరిచేసి ఇచ్చాడు. "రెండూ ఒకే వైపు తిరిగితే పడవ కొంచెం ఎడమకి లాగుతుంది. చెయ్యి వదలకు" అన్నాడు. "తోమకు" అని కూడా అన్నాడు.

సముద్రం మీద

బయల్దేరే పొద్దున నూకరాజే కొబ్బరికాయ తెచ్చి నా చేతికిచ్చాడు. "నువ్వే కొట్టమ్మా. నువ్వే పట్టు." అతనూ కాకినాడ దాకా నాతో వస్తున్నాడు. తను పెట్టిన ఇంజిన్ల మొదటి ప్రయాణం తను చూడాలట.

పోలమ్మ అన్నం, కోనెం వేపుడు మూట కట్టి తెచ్చింది. మేం వంజరం అనే చేపనే ఇక్కడ కోనెం అంటారు. పేరేదైనా, వేపుడు వాళ్ళే చెయ్యాలి. మూట అందించి వెళ్ళకుండా నిలబడింది.

"ఏం, ఎక్కుతావా?"

"నాను పుట్టినకాడ నుంచి ఈ బోట్ల సేపలే అమ్ముతన్నాను. బోటు కదిల్తే ఎలగుంతాదో సూడ్నేదు." నూకరాజు వైపు చూసింది. అతను ఆకాశం వైపు చూశాడు. ఎక్కేసింది. హార్బర్‌లో ఒక చుట్టు తిప్పాను, ఈసారి తిన్నగా, ప్రదక్షిణంగా. పోలమ్మ ముందు కమ్మీ పట్టుకుని నిలబడి, వేలం దగ్గర ఉన్న ఆడవాళ్ళందరినీ పేరు పేరునా పిలిచింది. ఆ వేళ కొంచెంసేపు పాట ఆగిపోయింది. ఆమెని దించి, డాల్ఫిన్ కొండ దాటి బయటికి వచ్చాం.

మాఘమాసపు సముద్రం పీట వేసినట్టు చదునుగా ఉంది. పెట్రోలు ఇంజిన్లు కీచుమని అరిచేవి. ఇవి లావుపాటి గొంతుతో, తొందర లేని పెద్దమనిషిలా మాట్లాడాయి. ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు చాలాసేపు మా వెంటే వచ్చి వెనకబడ్డాయి. పూడిమడక జాలర్ల తెరచాపలు దూరంగా కనబడినప్పుడు మూట విప్పాం. నూకరాజు మధ్యమధ్య మూత ఎత్తి ఇంజిన్ల మీద చెయ్యి పెట్టి చూసేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడికి చూసినట్టు. "సల్లగున్నాయమ్మా" అనేవాడు. చక్రం మాత్రం సాహెబు చెప్పినట్టే ఎడమకి లాగుతూనే ఉంది. నేను కుడికి పట్టుకునే ఉన్నాను. భుజం నొప్పెట్టింది గానీ విసుగనిపించలేదు.

ఇంటి దగ్గర

ఎండ తగ్గేవేళకి ఉప్పుటేరులోకి వచ్చాం. గట్టు మీద మా ఆయన. పక్కన కోసే వ్యాపారి, చేతిలో కొలతల టేపు. శివరాత్రికి ఇంకా టైముండగానే వచ్చి కూర్చున్నాడు, రాబందుకి ముహూర్తంతో పనేముంది? తాడు మా ఆయనకి విసిరాను. పట్టుకున్నారు. పడవెక్కి, తిన్నగా వెనక్కి వెళ్ళి, మూత ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు లోపలికి పెట్టారు. చాలాసేపు అలాగే ఉన్నారు. నూకరాజుకి అర్థం కాక, "ఏటి సూత్తన్నారమ్మా?" అన్నాడు మెల్లగా.

ఆయన తలెత్తారు. "ఆ వాసన రావట్లేదే."

"రాదు. దానికోసమే కదా వెళ్ళింది."

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుని, గట్టు మీది వ్యాపారితో, "మీరు టీ తాగి వెళ్ళండి" అన్నారు. ఆ పడవ గురించి అతనితో అన్న ఆఖరి మాట అది. వ్యాపారి టేపు చుట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నూకరాజుని బస్సెక్కించే ముందు, ముగ్గురం రాజహంస మీద మడ అడవుల దాకా వెళ్ళాం. చక్రం నన్ను అడగకుండా మా ఆయనే తీసుకున్నారు. వేసవి తర్వాత ఆయన మళ్ళీ పడవ మీద నీళ్ళలోకి రావడం అదే మొదటిసారి. మలుపు తిరగగానే, "ఇదేంటే, ఎడమకి లాగుతోంది!" అన్నారు.

"లాగుతుంది" అన్నాను. "పట్టుకోండి."